పసుపు పూసిన మైకు

పొద్దున్నే నా ఫోన్ మొండికేసింది. మెమరీ నిండిపోయింది, పాత ఫైళ్లు తీసెయ్యమంటుంది. ఏది తీసెయ్యాలో కూడా తనే వెతికి పెట్టింది: నలభై ఏడు నిమిషాల ఆడియో, మూడేళ్ల కిందటిది, బారువ ఒడ్డున తుఫాను షెల్టర్ మేడ మీద నేను రికార్డు చేసింది. కాలేజీ నోట్సు తీసేశాను, నా పుట్టినరోజు వీడియోలు తీసేశాను, ఎవరివో పెళ్లి ఫొటోలు మూడొందలు తీసేశాను. అది మాత్రం ఉంచాను. అది మా పెదనాన్న గొంతు. ఆయన మీద ప్రేమతో ఉంచానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కొందరు కత్తి దాచుకుంటారు, నేను ఆడియో దాచుకున్నాను. అంతే తేడా.

ముందు చుట్టరికం చెప్పాలి. మా అమ్మ తమ్ముడు మా మావ. బారువ ఒడ్డున ఆయనకో ఫైబర్ బోటుంది. మావ భార్య మా అత్త. అత్తకి అన్నయ్య ఈ పెదనాన్న. ఆయనకీ ఒక బోటుంది, దానికంటే పెద్ద నోరుంది. నేను విశాఖలో పుట్టి పెరిగినదాన్ని. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఫోన్లు బాగుచేసే షాపులో చేరి, యజమానితో గొడవపడి నాలుగో నెలలోనే బయటికొచ్చేశాను. ఇంట్లో కూర్చుని అమ్మతో గొడవపడుతున్న రోజుల్లో మావ ఫోన్ చేశాడు. "అమ్మీ, రేడియో కొన్నాను. ఒకటి బోటుకి, ఒకటి ఒడ్డుకి. పుస్తకమంతా ఇంగ్లీసులో ఉంది. బేగి వచ్చీ." అంతకు ముందు ఏడాది మోటారు ఆగిపోయి ఆయన సముద్రం మీద ఒకటిన్నర రోజు ఉండిపోయాడు. జేబులో ఫోనుంది, దానికి సిగ్నల్ లేదు. తిరిగొచ్చాక అత్త పెట్టిన షరతు ఒక్కటే: రేడియో లేకుండా బోటు నీళ్లలోకి దిగకూడదు.

బిగించడం పెద్ద విద్యేం కాదు. పన్నెండు వోల్టుల బ్యాటరీ, ఎర్ర తీగకి ఫ్యూజు, సెట్టుకి ఉప్పునీళ్లు తగలని ఒక అర, ఏంటెనాకి ఎంత వీలైతే అంత ఎత్తు. ఏంటెనా ఎత్తు పెరిగేకొద్దీ మాట దూరం పోతుంది. బ్యాటరీ పెట్టే అర బోటు ముందు కొమ్ములో ఉంది. దాన్నే వీళ్లు అణియం అంటారు. కొత్త బోటుకి బొట్టు పెట్టేది అక్కడే, కొబ్బరికాయ కొట్టేది అక్కడే. ఇసకలోకి లాగి ఉన్న బోటెక్కి, అణియం మీద బాసింపట్టు వేసుకుని, నోట్లో స్క్రూడ్రైవరు పెట్టుకుని తీగలు లాగుతున్నాను. ఫోన్లో పాటలు కూడా మోగుతున్నాయి. అప్పుడొచ్చాడు పెదనాన్న.

"ఏటి బావా, ఆడగుంటని అణియం మీద కూకోబెట్టినావు? గంగమ్మ తల్లి కళ్లు మూసుకునుందనుకున్నావేటి?"

ఆడవాళ్లు బోటెక్కకూడదని నాకు తెలియదు. మావకి తెలుసు. పని తొందరలో పోనీలే అనుకున్నాడు. బావమరిది మాటకి తలొగ్గాడు. నన్ను దించారు. పెదనాన్న బిందెతో పసుపునీళ్లు తెప్పించి, నేను కూర్చున్న చోటు మూడుసార్లు కడిగించాడు. అంతటితో ఆగితే సరిపోయేది. నేను బిగించిన తీగలు మొత్తం ఊడదీయించి, మగ చేత్తో మళ్లీ బిగించమన్నాడు. మావ బోటు మీద, నేను ఇసకలో. "ఎర్రది ప్లస్సుకి మావా, నల్లది కాదు, ఎర్రది!" అని నేను కింద నుంచి అరుస్తుంటే ఒడ్డున ఉన్నవాళ్లంతా పనులు మానేసి చూశారు. "విశాపట్నం రిమోటొచ్చిందిరోయ్" అన్నాడు పెదనాన్న. అందరూ నవ్వారు. నా చేతిలో స్పానర్ ఉంది. విసరలేదు. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఆ తర్వాత మావకి వాడకం నేర్పించడానికి వారం పట్టింది. నొక్కితే నువ్వు మాట్లాడతావు, వదిలితే ఎదుటివాడు వినబడతాడు, నొక్కి పట్టుకుని కూర్చుంటే ఆ ఛానెల్లో ఇంకెవడూ నోరెత్తలేడు అని రోజుకి పదిసార్లు చెప్పేదాన్ని. ఆయన బటన్ నొక్కి పట్టుకునే నా జవాబు కోసం ఎదురుచూసి, "పలకవేటే?" అని కోప్పడేవాడు. పదహారో ఛానెల్ అందరిదీ, పిలుపులకీ ఆపదలకీ. సొంత కబుర్లకి డెబ్బై రెండుకి మారిపోవాలి. పదహారు దొరక్కపోతే కూడా డెబ్బై రెండుకే రావాలి. ఇదీ మా ఒప్పందం. "పదారు వీధి, డెబ్బై రెండు మనిల్లు. అంతే కదేటి?" అన్నాడు మావ. పుస్తకంలో రెండు పేజీలున్న సంగతి. అప్పటి నుంచి రోజూ ఎండెక్కే వేళకి సముద్రం మధ్య నుంచి పిలిచేవాడు. నేను చేతి సెట్టు పట్టుకుని షెల్టర్ మేడ మీద ఉండేదాన్ని. "తిన్నావేటి? ఓవర్." "తిన్నాను మావా. ఓవర్." ఇంత సాంకేతిక విజ్ఞానమూ చివరికి అందుకే పనికొచ్చింది.

ఆ రోజుల్లోనే మావకి చేపలు పడటం తగ్గింది. పెదనాన్న ఒడ్డంతా తిరిగి చెప్పాడు, ఆ గుంట కాలెట్టిన కాడ్నించి మా బావ వలకి రొయ్యపిల్ల కూడా పడట్లేదని. అత్త కూడా విశాఖ బస్సులు ఎన్నింటికున్నాయో ఒకసారి ఊరికే అడిగింది.

తర్వాత పెదనాన్న కూడా రేడియో కొన్నాడు. నన్ను అడుగుతాడా! టెక్కలి నుంచి కార్లకి స్పీకర్లు బిగించే కుర్రాణ్ణి తెచ్చి బిగించుకున్నాడు. బిగించాక పూజ. అణియానికి చేసే పూజే రేడియోకీ చేశాడు. ఏంటెనాకి నిమ్మకాయలు, సెట్టుకి బంతిపూలు, మైకుకి చిక్కటి పసుపు ముద్ద, దాని మీద కుంకం బొట్టు, సరిగ్గా బటన్ మీద. పసుపు బటన్ అంచుల్లోకి దిగింది. నేను ఇసకలో నిలబడి చూస్తున్నాను. మా మావ మైకుకి పూజ చేసినప్పుడు ముందు పాలిథిన్ కవరు చుట్టి, అయిపోయాక విప్పేశాను. పసుపు ఎండితే, దానికి ఉప్పుగాలి తోడైతే ఆ బటన్ ఏదో ఒకరోజు నొక్కింది నొక్కినట్టే ఉండిపోతుందని నాకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. రిమోటు కదా నేను, ఎవరైనా నొక్కితేనే కదా పనిచేసేది.

తొమ్మిది రోజులకి ఇరుక్కుంది.

ఆ పొద్దున పదహారులో పెదనాన్న గొంతు మొదలైంది. మొదలై మరి ఆగలేదు. సముద్రం మీద ఆయన మాట్లాడేదంతా గరగరమంటూ షెల్టర్ మేడ మీదకి వచ్చేస్తోంది. నేను వెంటనే ఫోన్లో రికార్డు నొక్కాను. మేడ మీద చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. వాళ్లలో అత్త ఉంది, పెదనాన్న భార్య పెద్దమ్మ కూడా ఉంది. ఆయన ముందు పెద్దమ్మ వండిన పులుసుని తిట్టాడు. "ఉప్పంతా సంద్రంలోనే ఉందనుకుందేటో" అన్నాడు. "ఇంటికి రానీ" అంది పెద్దమ్మ, చేపని గట్టిగా పరుస్తూ. తర్వాత ఇరవై ఏళ్లుగా సొంత తమ్ముడికి కూడా చెప్పని, తను వలేసే చోటు గుర్తులు తనే చెప్పేశాడు. "మహేంద్రగిరి మూపు మీదికి లైటౌసు రావాల. దచ్చినాన సరుగుడు తోట కొస మీదికి షెల్టర్ మేడ రావాల. ఆ రెండూ కలిసిన కాడే రాళ్లు, ఆ రాళ్ల కాడే సేపలు. ఎవుడికీ సెప్పకండొరే." పన్నెండు మంది ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. నా ఆనందం చెప్పలేను. ఆ తర్వాత అసలు సంగతి వచ్చింది. "ఆ గుంట మా బావ బోటెక్కిన రోజే మనకి ఈ ఏడాదికల్లా ఎక్కువ సేపలు పడ్డాయి, గేపకముందా? బావకి తెలీనీకండి." నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు కూడా రికార్డులో ఉంది, చాలాసేపు ఉంది.

అత్త మాత్రం నవ్వడం ఆపేసి సూర్యుడి వైపు చూసింది. "ఏటే, మీ మావ ఈపాటికి పిలవాల కదేటి?"

నొక్కి పట్టుకుంటే ఇంకెవడూ నోరెత్తలేడని రోజుకి పదిసార్లు చెప్పింది నేనే. డెబ్బై రెండుకి తిప్పాను.

"అమ్మీ... ఇంటన్నావేటే... అమ్మీ... ఓవర్."

గొంతు బొంగురుపోయి ఉంది. వల మోటారు ఫ్యానుకి చుట్టుకుంది, విప్పబోతే ఫ్యాను విరిగింది. ఒక లంగరు పాత తాడు తెగిపోయింది, రెండో లంగరు ఆగుతూ జారుతూ ఉంది. నీటివాలు బోటుని నది కలిసే మొగ వైపు లాగుతోంది. మొగలో కెరటం అడ్డంగా కొడుతుంది, బోటుని తిరగేస్తుంది. మావతో ఇంకో ఇద్దరున్నారు. దగ్గర్లో ఎవరైనా కనిపిస్తున్నారా అంటే ఎవరూ లేరన్నాడు.

"ఉన్నాడు మావా. కొండ మూపు మీదికి లైటౌసు, సరుగుడు తోట కొస మీదికి షెల్టర్ మేడ వచ్చే చోటు వైపు చూడు. పెదనాన్న అక్కడే ఉన్నాడు. తెడ్డుకి లుంగీ కట్టి ఎత్తు. ఓవర్."

"ఆ సోటు నీకెలా తెలుసే?"

"ఎత్తు మావా!"

పెదనాన్నని రేడియోలో పిలిచే దారి లేదు. మైకు ఇరుక్కున్నవాడికి చెవులుండవు. మళ్లీ పదహారుకి తిప్పి ఆయన మాటలే వింటూ కూర్చున్నాం. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. ఆయన తనతో వేటకొచ్చిన అల్లుణ్ణి తిడుతున్నాడు, చుట్ట అడుగుతున్నాడు, దగ్గుతున్నాడు. ఎంతసేపటికీ చుట్ట గురించే మాట్లాడుతున్నాడు. చివరికి ఆగాడు.

"ఒరే, అదేట్రా, లుంగీ నాగుంది? ఎవుడిదిరా అది... మా బావ బోటు కాదేటి? వల కోసీండ్రా."

"కొత్త వల మావా" అన్నాడు అల్లుడు.

"కోసీమన్నానా! వల పోతే పోనీ, నా సెల్లికి మొగుడాడు!"

అత్త పమిట నోట్లో కుక్కుకుంది. వెంటనే మోటారు హోరు మాటల్ని మింగేసింది. కాసేపటికి నలభై ఏడో నిమిషంలో నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది.

మధ్యాహ్నానికి రెండు బోట్లూ తాడుతో కట్టుకుని ఒడ్డుకొచ్చాయి. ఇక్కడితో నేను ఆయన కాళ్ల మీద పడ్డానని రాస్తే బాగుంటుందేమో. పడేదాన్నేమో కూడా. కానీ ఆయన ఇసకలోకి దూకి, అందరూ వినేలా అన్న మొదటి మాట ఇది: "సూసినావేటి బావా? ఆడది ఎక్కిన బోటుకి ఇదే గతి."

ఫోన్ అప్పటికి సగం ఛార్జ్ చేసి ఉంచాను. షెల్టర్ మైకు సెట్టు దగ్గరికి వెళ్లి, తుఫాను హెచ్చరికలు చెప్పే ఆ మైకు ముందు నా ఫోన్ పెట్టాను. ఎక్కువ చేపలు పడిన రోజు సంగతి ఒడ్డంతా ఆయన గొంతుతోనే మోగింది. రెండుసార్లు వినిపించాను. పులుసు మాట మూడుసార్లు వినిపించాను, అది పెద్దమ్మ అడిగింది.

ఆయన మైకు బాగుచెయ్యడం టెక్కలి కుర్రాడి వల్ల కాలేదు. రెండు రోజులు చూసి, ఆ పెట్టె ఊడదీసి తెచ్చి నా ముందు పెట్టాడు పెదనాన్న. "బోటు మీద బిగించి ఉండగానే చూడాలి" అన్నాను. అబద్ధం. ఇంట్లో కూర్చుని చెయ్యగలిగే పనే అది. మావ నా వైపు ఒక చూపు చూశాడు. పెదనాన్న సముద్రం వైపు చూసి, "ఎక్కు" అన్నాడు. "చెయ్యందించండి" అన్నాను. ఒడ్డున అందరూ చూస్తుండగా చెయ్యందించాడు. అణియం మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్షు, పది నిమిషాల పని. గంటన్నర చేశాను. అంతసేపూ ఆయన కింద ఇసకలో స్పానర్ పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే లేచి చూశాను, బోటు కడుగుతాడా లేదా అని. కడిగాడు. పసుపునీళ్లతో మూడుసార్లూ కడిగాడు. కానీ ముందు మైకుకి పాలిథిన్ కవరు చుట్టి, దారంతో గట్టిగా కట్టి, అప్పుడు కడిగాడు.

ఇదంతా తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లో వేడి పుడుతుంది, ఆ వేడి నాకిష్టమే. కాకపోతే రెండు సంగతులు ఎవరికీ చెప్పలేదు. పసుపు సంగతి నాకు ముందే తెలుసన్నది ఒకటి. రెండోది, తర్వాతెప్పుడో అన్నం తింటూ మావ మామూలుగా అన్న మాట. ఆ రోజు ముందు ఇరవై నిమిషాలు పదహారులోనే పిలిచాడట. వదిలినప్పుడల్లా గరగర తప్ప మాటేదీ వినబడక, నేను పలకకపోయేసరికి బటన్ తనే తప్పు నొక్కుతున్నాననుకున్నాడట. నేను నేర్పింది నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం, అన్నీ వరసగా మొదటి నుంచి చేసుకుంటూ వచ్చాడట. ఆ రాత్రి లెక్క చూసుకున్నాను. ఆ ఇరవై నిమిషాలూ ఈ రికార్డులోనే ఉన్నాయి. మావ గొంతు ఎక్కడా వినబడదు, నా నవ్వు వినబడుతుంది. పగ గంటన్నరలో తీరిపోయింది. ఆ ఇరవై నిమిషాలు మూడేళ్లయినా ఇంకా అవలేదు.