ఆ వాక్యం పిల్లది కాదు

1963 వానాకాలం. మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి దగ్గరి ఒక పల్లెలో నేను బాలసేవికను. అంటే బడి ఈడు రాని పిల్లల్ని చూసుకొనే బాల్వాడీ పంతులమ్మను. మాకు ఒక పెంకుటింటి గది, వెనుక వసారాలో పొయ్యి ఉండేవి. బ్లాకు ఆఫీసు నుంచి పాలపొడి డబ్బాలు వచ్చేవి. ఆ పొడిని వేడినీళ్లలో కలిపి పిల్లలకు పోసేది మా ఆయా మైసమ్మ. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు, ఈ జీతమే ఆధారం. ఊరు అంటరానిదని దూరం పెట్టిన వాడ నుంచి వచ్చేది. ఆమెను పనిలో పెట్టుకున్నప్పుడు ఎవరూ ఒక్క మాట అనలేదు. ఊరు ఇంత తేలిగ్గా ఊరుకుందంటే లోపల ఇంకేదో ఉందని నా అనుమానం అక్కడే మొదలైంది.

ఆగస్టులో మా పైఅధికారి ముఖ్యసేవిక తనిఖీకి వచ్చింది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినావిడ. సరిగ్గా ఆమె కుర్చీలో కూర్చునే వేళకు ఆ ఊరి రాజవ్వ, మా బాల్వాడీకి వచ్చే తన మనుమరాలు బాలమణి రెక్క పట్టుకొని లోపలికి వచ్చింది. గొర్లు, చెలక భూమి ఉన్న ఇల్లు వాళ్లది.

"చెప్పు బిడ్డ, నువ్వు సూసింది అమ్మగారికి చెప్పు."

బాలమణి చేతులు కట్టుకుంది. "మైసమ్మ పాలపొడి కొంగుల మూట గట్టుకొని, ఎవ్వలు సూడనప్పుడు ఎన్క దర్వాజకెల్లి ఇంటికి తీస్కపోయింది."

ముఖ్యసేవిక కళ్లద్దాలు తీసింది. "పసిపిల్లలకు అబద్ధాలు రావండీ. ఇంకేం సాక్ష్యం కావాలి? శనివారం మళ్లీ వస్తాను. అప్పటికి తేలకపోతే ఆయాను మార్చేద్దాం."

వసారాలో గిన్నెలు తోముతున్న మైసమ్మ అంతా విన్నది. వాళ్లు వెళ్లాక నన్నే అడిగింది. "నువ్వు గూడ అనుమానిస్తున్నవా అమ్మ?"

"డబ్బా మూత తీసేది మనమిద్దరమే మైసమ్మా. నిజం చెప్పు."

"నా గుడిసె దేవులాడుకో, రా. పొడి దొర్కితె నేనే పోత."

నేను గుడిసెకు వెళ్లలేదు, డబ్బానే చూశాను. పొడి నా అంచనా కన్నా తగ్గినట్టే ఉంది. తేమకు గడ్డకట్టి కుంగిందో, ఎవరైనా తీశారో ఈనాటికీ చెప్పలేను. దొంగతనం జరగలేదని నేను రుజువు చేయలేను. కానీ ఆ వాక్యం బాలమణిది కాదని ఆ క్షణమే నాకు అనిపించింది.

ఎందుకో చెప్పాలి. బాలమణికి అప్పటికి నాలుగేళ్లు నిండి రెండు నెలలు. ఆమె మాటలు నాకు రోజూ చెవిన పడేవే. "మేక వచ్చింది. ఆకు తిన్నది. బాపు కొట్టిండు." ఒక్కొక్క సంగతినీ విడిగా కింద పెట్టేది. ఒక సంగతిలో ఇంకో సంగతిని ఇమిడ్చి చెప్పడం, ఎవరు చూశారో ఎవరు చూడలేదో కలిపి చెప్పడం ఆ పిల్లకు ఇంకా పట్టుబడలేదు. మరునాడు ఒంటరిగా కూర్చోబెట్టుకొని అడిగాను.

"మైసమ్మ చీర ఏ రంగు బిడ్డా?"

"మైసమ్మ పాలపొడి కొంగుల మూట గట్టుకొని..." అని మొదటినుంచీ అందుకుంది.

"అప్పుడు నువ్వు యాడున్నవ్?"

మళ్లీ అదే, అక్షరం పొల్లుపోకుండా.

రాజవ్వతో ఈ మాట అంటే నవ్వింది. "నీ ముంగట పిల్ల భయపడ్డది పంతులమ్మ. సదివినోళ్లు గింత గింత పిల్లలను గూడ జడ్జీలెక్క అడుగుతరా?"

అడగడం మానేశాను. శిక్షణలో మాకు ఫ్రీ ప్లే అని ఒక పద్ధతి నేర్పారు. బొమ్మలు, చిప్పలు ముందు పెట్టి పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వదిలేసి, పెద్దలు దూరంగా కూర్చుని గమనించాలి, కల్పించుకోకూడదు. శనివారం ముఖ్యసేవికను కిటికీ అవతల కూర్చోబెట్టి బాలమణికి గుడ్డబొమ్మ ఇచ్చాను.

చాలాసేపు పిల్ల బొమ్మకు అన్నం పెట్టింది, పేను చూసింది. ఆవిడ గడియారం చూసుకుంటోంది. అంతలో బాలమణి నడుం మీద చెయ్యి పెట్టి రాజవ్వ గొంతు తెచ్చుకుంది.

"మల్ల జెప్పు. పంతులమ్మ అడిగితే ఏమంటవ్?"

బొమ్మ గొంతు సన్నగా వచ్చింది. "మైసమ్మ పాలు వోసింది. తాగిన."

బొమ్మకు ఒక్కటి పడింది. "గట్లనకు! వాడదాని చేతి పాలు తాగినవంటె కులపోళ్లు నవ్వుతరు. దొంగ అను. మంచిగ జెప్తె బెల్లం పెడ్త."

ముఖ్యసేవిక గొంతు తగ్గించింది. "ఆటే కదండీ, కల్పించి ఉండొచ్చు."

"నాలుగేళ్ల పిల్లకు కులపోళ్ల నవ్వుతో ఏం పనమ్మా? పెద్దవాళ్ల వేషం కట్టినప్పుడే పిల్లలు తమ ఈడుకు మించి మాట్లాడతారు. వాళ్లకు వినబడినదే అంటారు."

ఆవిడ ఆయాను మార్చే మాట మళ్లీ ఎత్తకుండా లేచి వెళ్లింది. మైసమ్మ పనిలోనే ఉంది. సోమవారం నుంచి రాజవ్వ మనుమరాలిని పంపడం మానేసింది. పొడి విషయంలో మాత్రం నా అనుమానం పోలేదు. ఆనాటి నుంచి డబ్బాకు తాళం వేసి, మైసమ్మ ఎదుటే తీసేదాన్ని. ఆమెకు కోపం వచ్చింది. వచ్చినా ఆ పద్ధతి మానలేదు.

దసరా ముందు ఒక పగలు వసారా పక్క కంచె కదిలింది. బాలమణి. నన్ను చూడలేదు, పొయ్యి దగ్గరి మైసమ్మనే చూస్తోంది.

"అత్తా, అవ్వ పండుకున్నంక నేనొస్త. అవ్వకు చెప్పనంటె పాలు పోస్తవా?"

అంతకు ముందు ఆ పిల్ల మైసమ్మను అత్తా అని పిలవగా నేను వినలేదు. మైసమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది. ముందు వీధి చూసింది, తర్వాత నన్ను.

"గిది గూడ ఎవలన్న నేర్పిన్రా అమ్మ? మల్ల నా మీదికి తెస్తరా?"

"లేదు. ఇది ఎవరూ నేర్పలేరు," అన్నాను. "పాలు పోయ్."

అవ్వ మనసులో ఒకటి, మైసమ్మ మనసులో ఒకటి ఉన్నాయని ఆ పిల్ల గ్రహించింది. రెండింటి మధ్య దారి చేసుకొని తనకు కావలసింది అడిగింది. పిల్లల మాట పెరిగేది అలాంటి అవసరంలోనే. ఆ తర్వాత నా నౌకరీ అంతా, ఏ పిల్ల నోట పెద్ద వాక్యం విన్నా, ఇందులో ఈ పిల్లకు కావలసినది ఏముంది అని ముందు చూసుకున్నాను. ఏమీ కనబడకపోతే, ఆ పిల్ల వెనుక నిలబడ్డ మనిషిని చూశాను.