జహనుమా పాలు తాగే ఎలుగుబంటి పిల్ల

ఆ శనివారం పొద్దున హాస్టల్లో పాలు తాగి గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాను. పాలు జారిపోయిన చోట గాజు శుభ్రంగా, కొంచెం నీలంగా కనిపించింది. కడిగిన గ్లాసుకూ దానికీ పెద్ద తేడా లేదు. మా హాస్టల్ పాలు ఎప్పుడూ అంతే కాబట్టి దాని గురించి ఆలోచించలేదు. ఏడున్నరకల్లా సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర బస్సు ఎక్కాలి.

నేను మూడో తరగతికి పాఠాలు చెబుతాను. పాత ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించిన ఒక బొమ్మ మా తరగతి గోడ మీద ఉంది. ఎక్కడో విదేశంలో, జూలో పెరుగుతున్న పాండా పిల్ల. నల్లటి చెవులు, తెల్లటి మొహం, కళ్ళ చుట్టూ మసి పూసినట్టు. తెల్లకోటు వేసుకున్న మనిషి దానికి సీసాతో పాలు పడుతుంటాడు. పిల్లలు నెలరోజులుగా ఆ బొమ్మనే చూస్తున్నారు. ఒకరోజు లక్ష్మి అనే అమ్మాయి లేచి, "టీచర్, పాండా మన దగ్గర లేకుంటె లేకపాయె. సీసతోని పాలు తాగే ఎలుగుబంటి పిల్ల మన జూల ఉందంట. మా నాయిన చూసిండు" అంది. నలభై మంది ఒక్కసారిగా నావైపు తిరిగారు. నలుగురిలో మాట్లాడటమే నాకు కష్టం. అయినా "చూద్దాం, తీసుకెళ్తాను" అనేశాను. అనేశాక భయం వేసింది. అందుకే ముందు ఒక్కదాన్నే వెళ్ళి దారి, ఖర్చు, నీడ, తాగే నీళ్ళు అన్నీ చూసి రావాలనుకున్నాను. హెడ్మిస్ట్రెస్ జూ ఆఫీసుకు రాసిచ్చిన ఉత్తరం సంచిలో పెట్టుకున్నాను.

క్లాక్ టవర్ నుంచి అఫ్జల్‌గంజ్‌కు బస్సులో అరవై పైసలు, ముప్పావుగంట. ఆడవాళ్ళ సీట్లు ముందుంటాయి. అబిడ్స్ దాటేదాకా నాకు కూర్చునే చోటు దొరకలేదు. అఫ్జల్‌గంజ్‌లో దిగి జూకి మరో బస్సు కోసం ఇరవై నిమిషాలు చూశాను. రాలేదు. చివరికి సైకిల్ రిక్షా మాట్లాడుకున్నాను. రెండు రూపాయలు అడిగి రూపాయిన్నరకు ఒప్పుకున్నాడు. పెద్దాయన, గడ్డానికి గోరింటాకు పెట్టాడు.

"జూల ఏం జూస్తరమ్మా? షేరా?"

"ఎలుగుబంటి పిల్లని."

"అరె, గా దానికోసం సికింద్రాబాద్ నుంచి వచ్చిన్రా? మా బామ్మర్దిని చూపిస్త రాండ్రి, మొహల్లాలనే ఉంటడు. టికెట్ గూడ లేదు."

నాకు నవ్వొచ్చింది. పురానాపూల్ ఎక్కేచోట ఆయన దిగి రిక్షాను తోస్తుంటే నేనూ దిగబోయాను. "కూసోండ్రి, కూసోండ్రి. మీరు దిగితె బండి తేలికైతది, నా ఇజ్జత్ గూడ తేలికైతది" అన్నాడు. వంతెన దాటాక రోడ్డు పక్కన గాజుల బండ్లు, కట్టెల అడితీలు, తలుపు సగం తెరిచిన చిన్న చిన్న కార్ఖానాలు. లోపల సుత్తి చప్పుళ్ళు. తొమ్మిదిన్నరకు జూ గేటు ముందు దిగాను. టికెట్ యాభై పైసలు. పిల్లలకు పావలా.

ఆఫీసులో గుమాస్తా ఉత్తరం చదివి, వెనకవైపు జంతువుల ఆసుపత్రి షెడ్డు దగ్గర దేవదానం గారిని కలవమన్నాడు. వేపచెట్ల కింది దారి, పది నిమిషాల నడక. మధ్యలో రెండు కుళాయిలు ఉన్నాయి, నీళ్ళు బాగున్నాయి. షెడ్డు ముందు నడుమెత్తు తీగల కంచె. దాని బయట ఏడెనిమిది మంది జనం నిలబడి ఉన్నారు.

దేవదానం గారికి యాభై ఏళ్ళుంటాయి. ఖాకీ చొక్కా, మెడలో చిన్న సిలువ. ఒళ్ళో గోనెపట్టా, పట్టాలో పిల్ల. బొమ్మలోని పాండా లాగా ముద్దుగా లేదు. ఒళ్ళంతా చింపిరి నల్ల జుట్టు, పొడుగు మూతి, చేతులకు మించిన గోళ్ళు. ఛాతీ మీద మాత్రం ఎవరో సున్నంతో గీసినట్టు తెల్లటి వంకర గీత. నేను చదివిన పుస్తకాల్లో ఎలుగుబంటి పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లేవి. ఇది కదలడం లేదు.

"తల్లి లేదా దీనికి?" అని అడిగాను.

"లేదు టీచరమ్మా. అడివిల దొరికితె ఫారెస్టోళ్ళు తెచ్చిన్రు. రెండు నెల్లాయె. మస్తు హుషారుండె. కడుపు నిండితె చెయ్యి నోట్ల వెట్టుకొని జుమ్మని పాట పాడుతుండె, తుమ్మెద లెక్క. గా చెట్టు కాడికి ఇనవడ్తుండె. ఇప్పుడు సప్పుడే లేదు."

ప్రతి శనివారం పది గంటలకు తూకం. పిల్లను గోనెసంచిలో వేసి, దూలానికి వేలాడే కాటాకు తగిలిస్తారు. సంచిలోంచి మూతి ఒక్కటే బయటికి వచ్చింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. నాలుగు కిలోలకు కాస్త ఇవతల.

దేవదానం గారు కాటా మీద వేలితో తట్టారు. ముల్లు కదలలేదు. "పోయిన వారం నాలుగుంపావు. అంతకు ముందు నాలుగున్నర" అన్నారు, నాతో కాదు, కాటాతో. తర్వాత నావైపు తిరిగి, "మూడు వారాల సంది గిట్లనే తగ్గుతుంది. విరేచనాలు. డాక్టరు సాబ్ రెండుసార్లు మందు మార్చిండు. గీ శనివారం గూడ తగ్గితె ఇగ ఆశ వెట్టుకోవద్దన్నడు" అన్నారు.

నలభై మందికి నేనిచ్చిన మాట గుర్తొచ్చింది. వచ్చే నెల వాళ్ళను తీసుకొచ్చి ఖాళీ గోనెపట్టా చూపించాలేమో అనుకున్నాను.

పాల సీసా తెచ్చారు. పిల్ల ఆకలిగానే తాగింది, రెండు నిమిషాల్లో సీసా ఖాళీ. దాన్ని నా ముందున్న గోడ మీద పెట్టారు. ఎండ దాని మీద పడుతోంది. సీసా లోపలి గాజు మొత్తం తెల్లగా, మందంగా ఉంది, సున్నం వేసినట్టు. పాలు పోయినా పాలు ఉన్నట్టే ఉంది. నాకు పొద్దుటి గ్లాసు గుర్తొచ్చింది.

షెడ్డు గోడ మీద పలక ఒకటి వేలాడుతోంది. పిల్లకు ఏ వేళకు ఏం పట్టాలో డాక్టరు రాసింది. అందులో మొదటి వరస: పాలు సగం, కాచిన నీళ్ళు సగం. పలక చదివాను, సీసా చూశాను. మళ్ళీ పలక చదివాను. రెండుసార్లు అడగబోయి ఆగిపోయాను. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషిని నేనేం అడగడం అనిపించింది. సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోబోయాను కూడా. పిల్ల తన చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుని, పెట్టుకోకుండానే వదిలేసింది. అప్పుడు అడిగాను.

"ఇందులో సగం నీళ్ళు కలిపారా అండీ?"

దేవదానం గారు నవ్వారు. "నేనెందుకు కలుపుత టీచరమ్మా? మల్లయ్య కలిపే తెస్తడు గద. పాలోళ్ళను ఇరవై ఏండ్ల సంది జూస్తున్న. ఆయన సగం పోసినంక నేను ఇంకో సగం పోస్తె, పిల్ల తాగేది ఉత్త నీళ్ళే."

మల్లయ్య కంచె లోపలే ఉన్నాడు. జహనుమాలో ఆయనకు ఆరు బర్రెలున్నాయట. అంతకు ముందు పోసే పాలాయన మానేస్తే, మూడు వారాల నుంచి ఈయన పోస్తున్నాడు. శనివారం తూకం చూసే వెళ్తాడు. సైకిల్‌కు రెండువైపులా క్యాన్లు, తలకు ఎర్ర రుమాలు.

"ఏందన్నా గా మాట?" అన్నాడు. "నేనొక్క సుక్క గలుపలె."

"అందరు గట్లనే అంటరు."

"నా బిడ్డ మీద ఒట్టు."

"గా ఒట్టు గూడ అందరు వెడతరు."

కంచె దగ్గర జనం నవ్వారు. మల్లయ్య మొహం నల్లబడింది. నేను చదివిన కాన్వెంటులో వంటిల్లు చూసే సిస్టర్ రోజూ పొద్దున పాలవాడి ఎదుటే బొటనవేలి గోటి మీద చుక్క వేసుకునేది. నీళ్ళ పాలైతే చుక్క నిలవదు, జారిన దారి కూడా మిగలదు. నేను కంచె మీదుగా చెయ్యి చాపాను. "ఒక చుక్క వేయండి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మల్లయ్యకు వినపడింది. క్యాను మూత తీసి, గరిటె కొసతో నా గోటి మీద ఒక చుక్క వదిలాడు.

చుక్క గుండ్రంగా నిలబడింది. వేలు వంచాను. నెమ్మదిగా జారుతూ వెనక తెల్లటి గీత వదిలింది.

"జూసినవా?" అన్నాడు మల్లయ్య, రుమాలు సర్దుకుంటూ.

దేవదానం గారు మెట్టు మీద కూలబడ్డారు. "అంటె, మూడు వారాల సంది గీ పసిపిల్లకు నేను అరగని అస్సల్ బర్రె పాలు తాపుతున్ననా? మల్లయ్యా, నువ్వు గలుపుతవనే కదయ్యా నేను గలపకపోతి!"

"ఊరందరికి గలుపుత, దాచుడెందుకు?" మల్లయ్య గొంతు పెంచాడు. "గిది తల్లి లేని పిల్ల. దీనికి గూడ గలుపమంటవా?"

కంచె దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డ ఒకావిడ ముందుకు వచ్చింది. "అయితే మా ఇంటికి పోసేటియి ఏంది మల్లయ్యా? రోజు గిదే ఒట్టు వెడుతుంటివి గద!"

మల్లయ్య క్యాను మూతను చాలాసేపు తుడిచాడు.

పదకొండింటికి డాక్టరు గారు వచ్చారు. అంతా విని, తన గోటి మీద కూడా ఒక చుక్క వేయించుకుని చూశారు. "నీళ్ళు గలిపిన్రని పాలోళ్ళను మస్తు తిట్టిన. కలపలేదని తిట్టుడు నా సర్వీసుల ఇదే మొదలు" అన్నారు. సాయంత్రందాకా పాలు బంద్, కాచి చల్లార్చిన గ్లూకోజు నీళ్ళు మాత్రమే. ఆ తర్వాత పలక మీద రాసినట్టే సగం సగం. బతుకుతుందా అని నేను అడగలేదు. దేవదానం గారు అడిగారు. "చూద్దాం" అన్నారు డాక్టరు గారు.

వెళ్ళేముందు దేవదానం గారు మల్లయ్య సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నారు. "రేపటి సంది నువ్వే కలిపి తేరాదు? నాకు పరేషాన్ ఉండది."

"నేను గలుప. దీని పాలల్ల నా చేత్తోని నీళ్ళు వొయ్య" అన్నాడు మల్లయ్య. "నువ్వే పోసుకో."

ఒంటిగంటకు బయటపడ్డాను. తిరుగు రిక్షాకు అంతే, రూపాయిన్నర. అఫ్జల్‌గంజ్‌లో ఒక ఇరానీ హోటల్లో ఆడవాళ్ళకు పరదా కట్టిన గది ఉంది. అక్కడ నలభై పైసల చాయ్ తాగి, కప్పు లోపలి అంచు చూశాను. మూడింటికి హాస్టల్ చేరాను.

ఆ రోజు అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదని దారంతా అనుకుంటూ వచ్చాను. డాక్టరు సరిగ్గానే రాశారు. దేవదానం గారు తనకు తెలిసినంతలో జాగ్రత్త పడ్డారు. మల్లయ్య మొదటిసారి నిజంగా ఒట్టు పెట్టాడు. అన్నాళ్ళూ పెట్టిన ఒట్లు దానికి అడ్డుపడ్డాయి. నేనూ ఆ ప్రశ్న మింగేసి ఇంటికి వచ్చేసేదాన్నే. ఇవన్నీ ఒక నాలుగు కిలోల పిల్ల కడుపులోకి వెళ్ళాయి. ఆ సీసా మీద ఎండ పడకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు.

నాలుగు శనివారాల తర్వాత నలభై మందిని తీసుకుని వెళ్ళాను. వేపచెట్ల దగ్గరికి రాగానే లక్ష్మి ఆగి, "టీచర్, ఎక్కడ్నో మోటారు నడుస్తుంది" అంది. షెడ్డు దగ్గరికి వెళ్తే పిల్ల చెయ్యి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. ముల్లు ఐదుంపావు దగ్గర ఆగింది. దేవదానం గారు కాటాను తట్టలేదు.

మీరు వెళ్ళాలనుకుంటే శనివారం పదింటిలోపు షెడ్డు దగ్గర ఉండండి, సోమవారం జూకి సెలవు. పిల్లలతో వెళ్తే వాళ్ళ వేళ్ళు కంచె సందుల్లోకి పోకుండా చూసుకోండి. నా కుడి బొటనవేలికి, గోరు పక్కన, ఆ ఎలుగుపిల్ల పెట్టిన రెండు పంటి గాట్లు ఉన్నాయి.