నాన్న జీపుకు కొత్త బ్రేకులు

మొన్నొక పెళ్ళికి విజయవాడ వెళ్ళి, మా అల్లుడి కొత్త కారులో తిరిగి వస్తుంటే, నందిగామ ఇంకా కాస్త దూరం ఉందనగా రోడ్డు పనుల దగ్గర బండ్లన్నీ బారులు తీరి నిలబడిపోయాయి. మా కారూ ఆగింది. ఆగిన మరుక్షణం ఇంజను కూడా దానంతటదే ఆగిపోయింది. వెనక సీట్లోంచి ముందుకు వంగి, బ్రేకు చూసుకోమని అల్లుడి భుజం తట్టాను. అతను నవ్వి, "దానంతటదే ఆగుద్దండీ అత్తయ్యా, ఆయిలు కలిసొస్తుందని కంపెనీవాళ్ళే అట్టా పెట్టారు" అన్నాడు. కార్ల సంగతి అమ్మకే బాగా తెలుసని మా అమ్మాయి ఎకసెక్కం ఆడింది. ఇంజను ఆగిన ఆ కాసేపట్లో పక్క పొలంలో ఏదో పిట్ట కూత, రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఆమె విసనకర్ర చప్పుడు, ఎక్కడో ఒక పసివాడి నవ్వు, అన్నీ విడివిడిగా వినపడుతుంటే నేను అప్పటికే ఆ కారులోంచి దిగిపోయి, నాన్న జీపులో ముందు సీట్లో కూర్చుని ఉన్నాను.

నాన్న జగ్గయ్యపేట నుంచి ముక్త్యాలకు జీపు తోలేవాడు. ముక్త్యాలకు ఇవతలి ఊళ్ళో చిన్న బడిలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది కనుక, రోజూ పొద్దున్నే నాన్న బండిలోనే వెళ్ళేదాన్ని. జీపులో ఎంతమంది పడతారని మా తరం వాళ్ళెవరూ అడగరు, ఎంతమంది ఎక్కితే అంతమందీ పడతారు. సిమెంటు ఫ్యాక్టరీకి డ్యూటీకెళ్ళే వాళ్ళు, మిరప కోతలకు పోయే ఆడవాళ్ళు, గాజుల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చునే సాయిబు తాత, ఖాళీ చేపల తట్టలతో రేవుకు తిరిగి వెళ్ళే అక్కలు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడే కుర్రాళ్ళు, ఇంతమందితో ఆ జీపు మూలుగుతూ కదిలేది. ఇంజను మోతకు పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకు వినపడేది కాదు. ఏదన్నా చెప్పాలంటే చెవిలో అరవాలి, లేకపోతే దిగేదాకా ఆగాలి. వంటింటి రహస్యాలు కూడా ఆ జీపులో కేకలు పెట్టి చెప్పుకోవలసి వచ్చేది.

ముక్త్యాల ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు కృష్ణా నది వైపు వాలుతుంది. ఘాట్ రోడ్లు చూసినవాళ్ళు దాన్ని వాలు అంటే నవ్వుతారేమో గానీ, అంత బరువుతో ఉన్న జీపుకు అది వాలే. దాని మొదట్లో, ఒక వంకర తుమ్మచెట్టు దాటగానే, నాన్న గేరు తీసి, స్టీరింగు కింద ఉన్న నల్లటి పిడిని లాగి ఇంజను ఆపేసేవాడు. డీజిలు మిగులుతుందని అప్పటి డ్రైవర్లందరికీ ఉన్న అలవాటే అది. కానీ నాకు మాత్రం రోజు మొత్తానికీ ఆ వాలు కోసమే బయలుదేరుతున్నట్టు ఉండేది. అంత మోతా ఒక్కసారిగా తెగిపోయేది. జీపు తనకు తానే జారుతూ ఉండేది. ముందు టైర్ల కింద కంకర నలిగే చప్పుడు, తర్వాత చెవుల పక్కన గాలి, ఆ తర్వాత ఎక్కడెక్కడివో గొంతులు, చేలో ఎద్దుల్ని అదిలించే కేక, రేవులో బట్టలు బాదే చప్పుడు. గాజుల మూటలో గాజులు సన్నగా మోగేవి. నది వాసన మొహానికి తగిలేది. ఎవరూ అనుకోకుండానే గొంతులు తగ్గించేవారు. ఆదివారం చర్చిలో పాడిన కీర్తన ఏదో వెనక ఒక పెద్దమ్మ మెల్లగా ఎత్తుకుంటే, ఇంకో ఇద్దరు అందుకునేవారు. కిందికి చేరేసరికి నాన్న గేరు వేసి క్లచ్చి వదిలేవాడు. జీపు ఒక్క కుదుపు కుదిపి మళ్ళీ మోత మొదలుపెట్టేది. నిద్రలో ఉన్నవాళ్ళను లేపినట్టు అందరం సర్దుకు కూర్చునేవాళ్ళం.

ఆ జీపుకు నాలుగు చక్రాలకీ పాతకాలపు డ్రమ్ము బ్రేకులు. ఒకసారి తొక్కితే వినవు, రెండు మూడు సార్లు కొట్టి, చివరికి బలమంతా పెట్టి అదిమితే గానీ పట్టవు. ఇంజను ఆపినా ఆపకపోయినా వాటికి ఒకటే, ఎప్పుడైనా కాలి బలమే ఆధారం. ఏళ్ళ తరబడి అలా తొక్కీ తొక్కీ నాన్న కుడి మోకాలు వాచిపోయింది. సాయంత్రం ఇంటికి వచ్చాక అమ్మ ఆముదపాకు వెచ్చచేసి కట్టేది. కొన్నాళ్ళకు గడప దాటడానికే తలుపు పట్టుకోవలసి వచ్చింది. ఇక జీపు అమ్మేసి ఫ్యాక్టరీలో గేటు దగ్గర కూర్చునే పని చూసుకోమని అమ్మ పోరు పెట్టింది. నాన్న ఆ మాట వినగానే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆయనకు చదువు లేదు, పొలం లేదు, ఉన్నదల్లా ఆ సీటు. ఆ సీట్లో కూర్చున్నప్పుడు ఆయన వేరే మనిషి. అది పోతే మా నాన్న నాన్నలా మిగలడేమోనని నాకు నిజంగా భయం వేసింది.

దారి చూపింది మా మేనమామ. అమ్మకు తమ్ముడు, పేటలోనే రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసేవాడు. విజయవాడ ఆటోనగర్‌లో విడదీసిన కొత్త రకం జీపు సామాను దొరుకుతుందనీ, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేసి, పెడలుకు బూస్టరు తగిలిస్తే, చిన్నపిల్ల తొక్కినా బండి నిలబడుతుందనీ చెప్పాడు. నాన్నకు చిన్నతనం అనిపించింది. ఇన్నేళ్ళూ బండి ఆపింది తన కాలే గానీ ఇనప సామాను కాదని వాదించాడు. మామయ్య ఊరుకునే రకం కాదు. "బావా, నీ కాలు బంగారవేగానీ, బంగారం మెత్తన గదా, ఇనుం పెట్టుకో" అన్నాడు. బావామరదుల మధ్య మాట కనుక చెల్లింది. నాన్న నవ్వాడు. నవ్వితే ఒప్పుకున్నట్టే.

పని పూర్తయ్యేదాకా బండి షెడ్డులోనే ఉంది. నాన్న పొద్దున్నే వెళ్ళి బల్ల మీద కూర్చుని, మామయ్య పాత డ్రమ్ములు ఊడదీస్తుంటే ఆసుపత్రిలో మనవాళ్ళ మంచం పక్కన కూర్చున్నట్టు కూర్చునేవాడట. తాళం చేతికిచ్చే రోజు నేనూ అక్కడే ఉన్నాను. మామయ్య వేళాకోళం మానేసి, నాన్న మొహంలోకి చూస్తూ చెప్పాడు. "ఇంజను తిరుగుతుంటేనే ఈ బూస్టరుకి ఊపిరి బావా. ఆపావంటే ఒకటి రెండు తొక్కులు తొక్కనిస్తది, ఆనక రాయే. ఆ వాలులో ఇంజను ఆపమాక." నాన్న తల ఊపాడు. నేను విన్నాను, ఆ మాటకు ఏం పోగొట్టుకోబోతున్నామో ఆ క్షణాన నాకు తట్టలేదు.

మొదటి రోజుల్లో అదో తమాషా. నాన్న పాత అలవాటున బలమంతా పెట్టి తొక్కేవాడు, జీపు నిలువునా ఆగేది, వెనక వాళ్ళు ముందు వాళ్ళ ఒళ్ళోకి వచ్చి పడేవారు. పెళ్ళి కాని వాళ్ళు ఎవరి మీద పడ్డారన్నది మర్నాటి దాకా కబురు. నాలుగు రోజులకు నాన్న కాలు నెమ్మది నేర్చుకుంది. మోకాలి వాపు తీసింది. ఆముదపాకు కట్లు మానేశాం. అమ్మ ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పి, తమ్ముడికి గారెలు వండి పంపింది. వాలులో మాత్రం ఇంజను మోగుతూనే దిగేవాళ్ళం. చేపల తట్టల అక్క ఒకామె, ఈ మధ్య దారి తొందరగా అయిపోతున్నదని అంది. ఆమె ఏమంటున్నదో నాకు అర్థమైంది.

ఒకరోజు పొద్దున బాగా మంచు పట్టింది. రాత్రి వాన కురిసి వెలిసింది, చేల మీద తెల్లగా పొగలా తేలుతున్నది. జీపులో సగం మంది కునుకుతున్నారు. తుమ్మచెట్టు దాటాం. నాన్న చెయ్యి మామూలుగా, కండువా సర్దుకున్నంత మామూలుగా వెళ్ళి నల్ల పిడిని లాగింది. మోత తెగిపోయింది. ఎన్నాళ్ళకో చుట్టం వచ్చినట్టు నా ప్రాణం లేచి వచ్చింది. గాలి, కంకర, గాజులు, మంచులో ఎక్కడో ఎద్దు మెడలో గంట. వెనక పెద్దమ్మ కీర్తన కూడా ఎత్తుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి మంచులోంచి సిమెంటు లారీ వెనకభాగం కనపడింది. మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా మెల్లగా తిరుగుతున్నది. నాన్న బ్రేకు తొక్కాడు, పట్టింది. వదిలి మళ్ళీ తొక్కాడు, కొంచెం పట్టింది. మూడోసారి పెడలు కదలలేదు. ఆయన సీట్లోంచి లేచి ఆ మోకాలి మీదే నిలబడ్డంత పని చేశాడు, మొహం నల్లబడిపోయింది. నాకు మామయ్య మాట గుర్తొచ్చింది. అంతలో నాన్న పిడిని లోపలికి నెట్టి, రెండో గేరు వేసి, క్లచ్చి వదిలాడు. జీపు ముక్కలైపోతుందేమోనన్నట్టు కుదిపింది, ఇంజను అందుకుంది, పెడలు ఆయన కాలి కింద ఒక్కసారిగా మెత్తబడి దిగిపోయింది. లారీ వెనక చెక్క మీది సిమెంటు దుమ్ములో ఎవరో వేలితో గీసిన పువ్వు బొమ్మ నా కళ్ళకు ఎదురుగా ఆగింది. చెయ్యి చాపితే అందేది.

వెనక వాళ్ళకు ఏం జరిగిందో తెలియదు. నిద్ర చెడిందని సాయిబు తాత, "ఏందయ్యా, కొత్త బ్రేకుల సంబరం ఇంకా తీరలా?" అని కసిరాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వడానికి చూశాడు. బడి దగ్గర నన్ను దింపుతూ, "మీ అమ్మకి చెప్పమాకమ్మా" అన్నాడు. నేను చెప్పలేదు.

ఆ తర్వాత నాన్న ఇంకా చాలా ఏళ్ళు తోలాడు. నాకు పెళ్ళయింది, నందిగామకు బదిలీ అయింది, పిల్లలు పుట్టారు. ఆయన కాలు చివరి దాకా సహకరించింది. ఆ బ్రేకులు చేసిన మేలు అంతా ఇంతా కాదు, ఎవరేమన్నా నేను ఆ మాట మీదే ఉంటాను. వేసవి సెలవుల్లో ఒకసారి పేటలో ఉండగా, నాన్న మధ్యాహ్నమే ఇంటికి వచ్చి, వసారాలో ఉన్న మామయ్య చేతిలో జీపు తాళం పెట్టి, మంచి బేరం చూడమన్నాడు. మామయ్య తెల్లబోయాడు. "అదేంది బావా, కాలు బానే ఉందిగా?"

"కాలు బానే ఉందిరా. చెయ్యే మాట వినట్లా."

ఆ పొద్దున వాలులో తన చెయ్యి తనకు తెలియకుండానే పిడి మీదికి వెళ్ళిందట. తీసేస్తే మళ్ళీ వెళ్ళిందట. పక్కన కూర్చున్న ముసలమ్మ, ఏం వెతుకుతున్నావు నాయనా అని అడిగిందట. వెనక చిన్నపిల్లలతో సహా జీపు నిండా జనం. కాలికి సాయం తేగలిగాం, ఆ చేతికి ఎక్కడి నుంచి తెస్తాం? ఆ చెయ్యి ఏం కోరుకుంటున్నదో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. లోపలికి వెళ్ళి ఏడ్చాను.

ఇప్పుడు ఆ దారిలో రాత్రింబగళ్ళు లారీలే. జీపులు పోయి ఆటోలు వచ్చాయి, వాటిలో పాటలు మోగుతుంటాయి. ఎవరన్నా ఇంజను ఆపినా వినడానికి మిగిలింది ఏమీ లేదు. నాన్న తన చివరి రోజులు మా దగ్గర నందిగామలో గడిపాడు. అప్పట్లో మధ్యాహ్నాలు కరెంటు పోతుండేది. ఫ్యాను ఆగి, టీవీ ఆగి, వీధిలో అన్ని ఇళ్ళ మోతా ఒక్కసారిగా తెగిపోగానే మేమంతా ఉసూరుమంటూ విసనకర్రలు వెతుక్కునేవాళ్ళం. నాన్న ఒక్కడే మంచం మీద కదలకుండా, కళ్ళు మూసుకుని, చిన్నగా నవ్వుతూ పడుకునేవాడు. ఇప్పుడు మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది. కరెంటు పోయిన సంగతే మాకు తెలియదు.