కొత్తపల్లి వారూ, డిక్సన్ వారూ

అమెరికాలో ఆష్‌బర్న్‌కి దగ్గర్లోని కౌంటీ కోర్టులో నేను డిప్యూటీ క్లర్క్‌గా చేరింది మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌కి వెళ్ళిన ఏడాది. పదవి పేరు గొప్పే గానీ, పని పెళ్ళి లైసెన్సుల కౌంటర్‌లో గుమాస్తాగిరీ. వధూవరులిద్దరూ గుర్తింపు కార్డులతో వస్తారు. తమ మధ్య దగ్గరి రక్తసంబంధం లేదని చెయ్యెత్తి ప్రమాణం చేస్తారు. సంతకాలయ్యాక లైసెన్సు చేతికిస్తాం. ఉద్యోగం వదిలేసినా ఆ కౌంటర్ మీద నాకిప్పటికీ బెంగే.

ఒకరోజు స్నేహ, రోహిత్ అని ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు వచ్చారు. వెంట స్నేహ తల్లి. ఇద్దరి ఇంటిపేరూ కొత్తపల్లే. గోత్రాలు వేరని తెలిసి అతికష్టం మీద ఒప్పుకున్నావిడ, స్క్రీన్ మీద రెండు పేర్లూ పక్కపక్కన చూసేసరికి మళ్ళీ బెదిరిపోయింది. నన్ను పక్కకి పిలిచింది.

"ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళ వరస కదండీ. ఏదో కాయితం తక్కువైందని చెప్పి ఇవాళ్టికి పంపించెయ్యండి."

నేనూ అలాంటి మాటలు వింటూ పెరిగినదాన్నే. జాలేసింది. కానీ కాయితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఈలోపు స్నేహకి అర్థమైపోయింది. "మమ్మీ ఓకే అనకపోతే నేను సైన్ చెయ్యను ఆంటీ," అంది. రోహిత్ తల దించుకున్నాడు.

మా సూపర్‌వైజర్ లిండా డిక్సన్‌కి సంగతి చెప్పాను. ఆవిడ నవ్వుకుంటూ బయటికొచ్చింది. పెళ్ళికి ముందు కూడా తను డిక్సనేనట, చేసుకున్నదీ ఇంకో డిక్సన్‌నేనట! పూర్వం ఇంగ్లండులో రిచర్డ్‌ని ముద్దుగా డిక్ అనేవారు. డిక్ కొడుకు డిక్సన్. మొదట్లో తండ్రిని బట్టి తరానికో పేరు మారేది; తర్వాత ఎక్కడిదక్కడ ఆగి ఇంటిపేరుగా స్థిరపడింది. ఊరూరా ఒక డిక్ ఉండేవాడు కాబట్టి డిక్సన్లందరూ చుట్టాలు కారు. ఇదంతా నేను స్నేహ తల్లికి తెలుగులో చెప్పాను.

లిండాని వాళ్ళ అత్తగారు ఏమీ అనలేదా అని అడగమంది ఆవిడ. తువ్వాళ్ళ మీద కుట్టించిన ఇంటిపేరు మొదటి అక్షరం మార్చక్కర్లేదని ఆ అత్తగారు సంబరపడిందట.

స్నేహ తల్లి నవ్వలేదు. రోహిత్‌ని చూసి, "మీ కొత్తపల్లి ఎక్కడ బాబూ?" అని అడిగింది.

"కరీంనగర్ సైడ్, ఆంటీ."

"మాది కాకినాడ దగ్గర." తర్వాత నా వైపు తిరిగింది. "అయినా కొత్తపల్లి లేని జిల్లా ఏదండీ మనకి? ఇచ్చెయ్యండి లైసెన్సు."

స్నేహ చెయ్యెత్తి ప్రమాణం చేసింది.

లేని వంక చెప్పి పంపించి ఉంటే ఆ అనుమానం వాళ్ళతో పాటే ఇంటికి వెళ్ళేది. అనుమానం ఉన్న మనిషిని అక్కడే అడగనివ్వాలని నాకు తెలిసొచ్చింది. ఆ తర్వాత, ఎంత రద్దీ ఉన్నా, వెంట వచ్చిన పెద్దవాళ్ళకి కౌంటర్ పక్కన ఒక కుర్చీ వేయించేదాన్ని.