అత్త గొంతు తీసేసింది నేనే

పోయిన మంగళవారం పొద్దున అంచెట్టి కొండల వైపు నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త పోయింది. పక్కింటామెతో మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒరిగిపోయిందట. ఆ మాట విని నేను ఆశ్చర్యపోలేదు. ఆమె నోరు ఊరికే ఉండగా నేను ఎన్నడూ చూడలేదు, ఒక్క మా చానల్లో తప్ప. ఆ సంగతి దాచి ఆమెను పొగడడం నా వల్ల కాదు.

నేను తమిళనాడులోని హోసూరులో ఒక వీడియో చానల్లో ఎడిటింగ్ చేస్తాను. నన్ను కాలేజీకి పంపమని మా నాయనతో మూడు రోజులు కొట్లాడింది అత్తే. మధ్యలో ఎవరైనా అడ్డమొస్తే చెయ్యెత్తి, "నా మాట అయిపోనీప్పా, ఆపైన నీది ఎత్తుకో" అనేది. మొగుడైనా అంతే, ఆఫీసరైనా అంతే.

రెండేళ్ళ కిందట వాళ్ళ ఊరికి బస్సు ఆగిపోయింది. హైస్కూలుకు పోయే ఆడపిల్లలు బడి మానేశారు. అత్త ఫోన్ చేసింది. "మీ కెమెరావోళ్ళను పిలుచుకోని రామ్మా. నేను చెప్తాను."

వెళ్ళాం. పాలు పిండుతూనే తడుముకోకుండా చెప్పింది. ఒక్కో పిల్ల పేరు, ఎవరు గొర్రెల వెంట పోతున్నారు, ఎవరికి పెళ్ళి కుదిర్చారు, బస్సు కోసం పోతే ఆఫీసులో ఏమని తిప్పి పంపారు, అన్నీ.

మా సారుకు నచ్చలేదు. "ఈ తెలుగు తమిళోళ్ళకు అర్థం కాదు, ఆంధ్రావోళ్ళు నవ్వుతారు. బొమ్మ బాగుంది, మాట తీసెయ్" అన్నాడు. తీసేశాను. అత్త పెదవులు కదులుతుంటే వెనక పిల్లనగ్రోవి, దాని మీద ఒక మగ గొంతు: "కల్లాకపటం ఎరుగని కొండ జనం..." ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసిన మనిషి, ఏమీ ఎరగదట! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సారు మీద సగం, నా మీద సగం.

అది చూసి అత్త ఫోన్ చేసింది. "వాడెవడమ్మా నా నోట్లో దూరినోడు? బస్సు మాట యాడ పోయినాది?" నేను ఉద్యోగం అంటూ ఏదో నసిగాను. "పాలు పిండేది చూపించేదానికా మిమ్మల్ని పిలిచినాను?" అని పెట్టేసింది. క్షమించమని నేను ఎప్పుడూ అడగలేదు.

అత్త పోయిన మూడో రోజు సమాధి మీద పాలు పోసి వచ్చాక అత్త కూతురు, "అమ్మ గొంతు ఒకసారి వినిపించక్కా" అంది. అసలు రికార్డింగు ఎప్పుడో చెరిపేశారు. మిగిలింది ఆ వీడియో ఒక్కటే. సిగ్గుతో ఫోన్లో పెట్టాను. మగ గొంతు మొదలవగానే పక్కింటామె ఫోన్ లాక్కుని సౌండు మొత్తం తగ్గించింది. వీడియో తీసిన రోజు ఆవు పక్కనే నిలబడి అంతా విన్న మనిషి ఆమె. తెర మీద వేలు పెట్టి, "ఈడ బస్సు సంగతి ఎత్తుకునింది. ఇదో, ఈడ ఆఫీసరును తిడతా ఉండాది" అని పైకి చెప్పసాగింది. ఆడవాళ్ళంతా దగ్గరికి జరిగారు. "ఇప్పుడు పిల్లోళ్ళ పేర్లు."

అప్పుడు బడి మానేసిన పిల్లల్లో ఒకతె, చంకలో బిడ్డతో, అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. అత్త పెదవులు కదిలాయి.

"అది నా పేరు," అంది.