ఏడుపు అనొద్దన్న నిసార్ సాబ్

నిసార్ సాబ్ ముందు ఎవరైనా తమ బాధను బాధ అని పేరు పెట్టి చెప్పారో, అయిపోయారు. గల్ఫ్‌లోని ఆ మెసయీద్ ఎరువుల ఫ్యాక్టరీకి నిప్పంటుకున్నా ఆయనకు అంత కోపం రాదు.

హైదరాబాదులో సాహిత్యంలో ఎమ్మే చేసి, ఆ ఫ్యాక్టరీలో స్టోర్‌కీపర్‌గా తేలిన జగిత్యాల మనిషి. వెయ్యేళ్ళ కిందటి జపాన్ దర్బారు కవిత్వమంటే ప్రాణం. బూట్లిస్తూ కవిత్వం, హెల్మెట్లిస్తూ కవిత్వం. రెండూ తిడుతూనే ఇస్తాడు.

ఆ రోజు స్కాఫోల్డింగ్ పోశన్న కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్లో కన్నీళ్ళ గులాబీ బొమ్మ వెతుకుతున్నాడు. నిసార్ చూడనే చూశాడు.

"క్యా రే, ఏడ్చే గులాబా?"

"నా పెండ్లాం శోభ ఫోన్ ఎత్తుతలేదు సాబ్. సెలవు క్యాన్సిల్ అయిందంటే, మేం నీకు యాదికే లేమన్నది. మస్తు బాధైతుందని పంపుతున్న."

"బాధ! మళ్ళా బాధ! ఆ దర్బారులో ఏడుపొస్తే చొక్కా చెయ్యి తడిసిందనేవాళ్ళు. మంచుకా, కన్నీళ్ళకా? అవతలివాళ్ళు కనుక్కోవాలె. అదీ తమీజ్, మర్యాదంటే!"

"నా చొక్కా పొద్దుగాలనే తడిసె సాబ్, చెమటకు."

"అయితే వాళ్ళ కవిత్వం లెక్క ఋతువు చెప్పు!"

"ఎండ."

"దాని తర్వాత?"

"ఇంకింత ఎండ."

నిసార్ కౌంటర్ మీద గుద్దాడు. ఆయన వెనక గోడ మీద కంపెనీ పోస్టర్: 'మీ మనసు మాకు ముఖ్యం.' సెలవులు రద్దు చేసిన వారమే అంటించారు. మనసు గురించి ఇంత పెద్ద అక్షరాలతో రాసేవాళ్ళకు అది ఉండదని నిసార్ నమ్మకం.

"కండ్లతో చూసింది చెప్పు. అంతే!"

పోశన్న భయంభయంగా ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపాడు: "శోభా, ఈడ సముద్రం కొంగలన్నీ ఎల్లిపోయినయి. ఒక్కటి క్రేన్ మీద ఉండిపోయింది. దానికి సెలవియ్యలే గావచ్చు."

కాసేపటికి శోభ గొంతు వచ్చింది: "చింతచిగురు ముదురుతున్నది. ఒక్కదానికి ఏం వండుకుంట?"

"వాహ్!" అని నిసార్ అంతలోనే మండిపడ్డాడు. "ఇంకా నిలబడ్డవేంది? జవాబు ఆలస్యమైతే అవమానమనేవాళ్ళు ఆ దర్బారులో! యల్లా, నడువు!" పోశన్నను లోపలి గదిలోకి నెట్టి తలుపేశాడు.

లోపల చల్లగా ఏసీ. బూట్ల డబ్బాల మీద వెల్డర్ రాజేందర్, ఎర్రటి కళ్ళతో.

"నువ్వెందుకొచ్చినవే?" అన్నాడు పోశన్న.

"బూట్లకు," అన్నాడు రాజేందర్. "అందరం బూట్లకే వస్తం. ఏడ్వనీకి వచ్చినమని ఎవ్వడూ నోరు తెరిచి చెప్పే పని లేదు. సాబ్ ఆ మాటే అననియ్యడు గద!"

పోశన్న తలుపు వైపు కొత్తగా చూశాడు. ఫోన్ కలిపాడు. ఒక్క రింగుకే శోభ ఎత్తింది.

బయట సైట్ ఇంజనీర్ ఫరీదుద్దీన్ గొంతు: "పోశన్న ఎక్కడ?"

"హెల్మెట్ చూసుకుంటున్నాడు."

"హెల్మెట్‌కు ఇంత సేపా?"

"తల పెద్దది!" నిసార్ గర్జనకు తలుపు అదిరింది. "ఏదీ పడతలేదు! ఇంకా సేపైతది, మీరు పోండి!"

"ఎవలది, గంత పెద్ద తలకాయ?" అంటూ ఫోన్లో శోభ పకపకా నవ్వింది.