పగలు పడుకునేవాళ్లు

"రాసిన" అని ఒక్క మాట అన్నాను. అబద్ధం. దాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనక్కూడా. మీకు చెబుతున్నానంటే మీరెవరో నాకు తెలియదు కాబట్టి, రేపు పొద్దున మీ మొహం చూడాల్సిన పని లేదు కాబట్టి. అవును, పిరికిదాన్ని. ఆ మాట ముందు నేనే అనేస్తే మీరు కనిపెట్టారన్న బాధ ఉండదు.

మాది కరీంనగర్ వైపు. నేను పుట్టి పెరిగింది మాత్రం సూరత్‌లో, గోడాదరాలో. బాపు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి నేసి, చివరికి ఒక మూడంతస్తుల ఇల్లు కట్టాడు. పైన మేం ఉండేవాళ్లం. కింది గదులన్నీ మన దిక్కు నుంచి సాంచెల పనికి వచ్చినవాళ్లకు కిరాయికి ఇచ్చాడు.

సాంచెల పని రెండు పాలీలు, పగలొకటి, రాత్రొకటి. గది కూడా రెండు పాలీలే. రాత్రంతా పనిచేసినవాళ్లు పొద్దున గదికి వచ్చేసరికి పగటి పాలీ వాళ్లు లేచి వెళ్లిపోతారు. అదే బొంత మీద వీళ్లు పడుకుంటారు. సాయంత్రం మళ్లీ తారుమారు. చిన్నప్పుడు మధ్యాహ్నం పూట నేనూ తమ్ముడూ మెట్ల మీద ఆడుతుంటే అమ్మ పైనుంచి "సప్పుడు చేయకుండ్రి, కింద పండుకున్నరు" అని కసిరేది. మా వేసవి సెలవులన్నీ గుసగుసల్లోనే గడిచాయి. అంటే, ఈ పగటి నిద్రల సంగతి నాకు తెలియదని చెప్పుకునే దారి లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ నేను తప్పించుకోకుండా.

భూగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్నప్పుడు మా గైడు మేడం ఒక పని మొదలుపెట్టారు. ఊరి మురుగంతా మోసుకుపోయే ఖాడీ ఒకటి ఉంది, వానొస్తే బస్తీల్లోకి పొంగుతుంది. దాని పక్కన ఏ గదిలో ఎంతమంది ఉంటారు, గాలి ఆడుతుందా, నీళ్లొస్తే ఎక్కడికి పోతారు అని ఇల్లిల్లూ అడిగి మ్యాపు గీయాలి. జనం ఎక్కువున్న చోట ముదురు రంగు, తక్కువున్న చోట లేత రంగు. ఆ బస్తీలకు మేడం నన్నే పంపారు. "నువ్వు అక్కడి పిల్లవి. నీకు చెప్పినట్టు ఇంకెవరికీ చెప్పరు" అన్నారు. నేను పొంగిపోయాను.

సరిగ్గా అప్పుడే పర్వత్ పాటియా వైపు ఒక బిల్డింగుకు, గదుల్లో జనం ఎక్కువయ్యారని సీలు వేశారని గల్లీలో ఒక మాట పుట్టింది. నిజమో కాదో ఎవరికీ తెలియదు. బాపు అన్నం కలుపుతూ ఆగి, "మన ఇల్లు గూడ ఎక్కుతదా బిడ్డా, నీ మ్యాపుల?" అన్నాడు. అంతే. అబద్ధం రాయమనలేదు. అని ఉంటే ఎంత బాగుండేది! తప్పులో సగం ఆయన మీద వేసి నేను హాయిగా ఉండేదాన్ని.

సర్వేకి సాయంత్రాలే వెళ్లాను. పగటి పాలీ దిగి, రాత్రి పాలీ పనెక్కాక. ఇంట్లో ఉన్నవాళ్లను "రాత్రిపూట ఈ గదిల ఎంతమంది పండుకుంటరు?" అని అడిగాను. వాళ్లు నిజమే చెప్పారు. ప్రశ్నను సగానికి కోసింది నేను. మా ఒక్క ఇంటికే తగ్గిస్తే తేడా కనపడుతుందని గల్లీ మొత్తానికీ, ఆ తర్వాత బస్తీ మొత్తానికీ అదే ప్రశ్న వేశాను. అబద్ధానికి కూడా ఒక పద్ధతి ఉండాలని నా చదువు నేర్పింది చూడండి! మేడంకి పగటి నిద్రల సంగతి తెలియదు. చెప్పాల్సిన మనిషిని నేనే.

మా కింది గదిలో సత్తెన్న, ఆయన తమ్ముడు రాజేశం ఉండేవారు. అన్నది పగటి పాలీ, తమ్ముడిది రాత్రి పాలీ. తలుపు పక్కన ఇద్దరికీ ఒకటే బొంత. "ఒక్క తల్లి పిల్లలం, తలుపు కాడ తప్ప మొఖాలు చూసుకోం" అని రాజేశం నవ్వేవాడు. నన్ను ఏడిపించడమంటే అతనికి సరదా. చేతిలో పుస్తకంతో కనిపిస్తే చాలు, "కలెక్టరమ్మ వస్తున్నది, జర జరుగుండ్రి" అని దారి ఇప్పించేవాడు.

మా ఇంటి గదులు రాసుకుంటున్న సాయంత్రం అతనికి పాలీకి ఆలస్యమైనట్టుంది. ఒక చేత్తో టిఫిను డబ్బా పట్టుకుని, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ నన్ను చూసి ఆగాడు.

"ఏంది చెల్లె, ఇల్లిల్లు తిరుగుతున్నవట?"

"మ్యాపు గీస్తున్నం అన్నా. ఎవరెవరు యాడుంటరో."

"మరి నన్ను గూడ రాసినవా? నేను రాత్రిపూట దొరకను గద."

"రాసిన అన్నా."

"గంతే చాలు. గీ ఊర్ల మేమున్నమని ఒక్క కాగితంల గూడ లేదు. గిట్లనన్న ఎక్కుతం."

గబగబా వెళ్లిపోయాడు. పెన్ను నా చేతిలోనే ఉంది. ఆ నిమిషంలో దిద్దుకోవచ్చు. దిద్దలేదు. సీలు పడితే రోడ్డున పడేది వాళ్లే కదా, ఇదంతా వాళ్ల మేలు కోసమే కదా అని నాకు నేను ఎంత చక్కగా నచ్చజెప్పుకున్నానో! వాళ్ల మేలేనా? ఆ ఇల్లు మాది. అసలు సంగతి అది.

తర్వాత కరోనా వచ్చింది. లాక్‌డౌన్ అనగానే సాంచెలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు లేకపోయేసరికి నా చెవులు గింగురుమన్నాయి. రెండు పాలీలూ ఒక్కసారిగా గదుల్లోకి వచ్చి పడ్డాయి. బొంతకు ఇద్దరు. కొందరు మెట్ల మీద ముడుచుకుని, కొందరు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవారు. మెస్సులు మూతపడ్డాయి. అమ్మ కొన్నాళ్లు రొట్టెలు చేసి కిందికి పంపింది. రోగం భయంతో బాపు మెట్ల దగ్గర గ్రిల్లుకు తాళం వేశాక అదీ ఆగిపోయింది.

అన్నం పొట్లాలు పంచేవాళ్లకు ఏ గల్లీకి ఎన్ని పంపాలో తెలియలేదు. మేడం మా మ్యాపు ఇచ్చారు. ఆ సంగతి ఫోన్ చేసి ఎంతో సంతోషంగా చెప్పారు. "చూశావా, మన పని జనానికి అక్కరకొచ్చింది."

"అవును మేడం" అన్నాను.

మా గల్లీ లేత రంగులో ఉంది. మేడం, నేను సగం మందినే రాశాను. ఈ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? ఫోన్ పెట్టేశాక కూడా చేతిలోనే ఉంది కదా, మళ్లీ చేయొచ్చు కదా? పరిశోధన పోతుందని, మేడం మొహం చూడలేనని, బాపు ఏమైపోతాడో అని, ఒక్కో రోజు ఒక్కో కారణం. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు అలాగే రేపుగా ఉండిపోయింది. సర్వేలో చేసింది తప్పయితే, ఈ ఊరుకోవడాన్ని ఏమనాలి?

ఒకరోజు పై కిటికీలోంచి చూస్తున్నాను. కింద లైను ఉంది, పొట్లాలు అయిపోయాయి. పంచే కుర్రాడు ఈ ఇంటికి ఇంతే వచ్చాయని హిందీలో చెబుతున్నాడు. రాజేశం ఒప్పుకోవడం లేదు. "మేరా భీ నామ్ హై! హమారీ బెహన్ నే లిఖా హై!" నా పేరూ ఉంది, మా చెల్లె రాసింది అని అరుస్తూ మా కిటికీ వైపు చెయ్యెత్తి చూపించాడు. అందరూ పైకి చూశారు.

నేను కర్టెన్ వెనక్కి తప్పుకున్నాను.

ఎవరో అతన్ని లైనులోంచి పక్కకు తోశారు. ఆ గలాటా నేను గోడకు ఆనుకుని విన్నాను. ఛీ, ఏం మనిషిని నేను?

కొద్దిరోజులకే అతను ఊరికి నడక పట్టాడు, ఇంకొందరితో కలిసి. "పొట్లం నీకు వస్తది, నువ్వుండు. నేను పోత" అని అన్నతో అన్నాడట. మహారాష్ట్రలో ధూలియా దాటాక ఎండలో పడిపోయాడు. దారిలో ఏదో ఆసుపత్రిలో చేర్చారు. ఎండ వల్లో, రోగం వల్లో, ఎవరూ చెప్పలేదు. అక్కడే పోయాడు. సత్తెన్నకు ఫోన్ వచ్చింది, వెళ్లడానికి మాత్రం దారి లేదు. ఆయన ఏడుపు పైకి వినపడింది. నేను దిగలేదు. తాళం ఉందనుకోండి. తాళంచెవి వంటింట్లో మేకుకు వేలాడుతోంది.

దిగింది చాలా రోజుల తర్వాత, సాంచెలు మళ్లీ మొదలయ్యాక. గుమ్మంలో నిలబడ్డాను. ఆయనే అన్నాడు. "నువ్వు రాసినవు చెల్లె. మావోడు చెప్పిండు నాకు. పైన సార్లే కొట్టేసిండ్రు. నువ్వేం మనసుల పెట్టుకోకు." నేను భోరుమన్నాను. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి నన్ను ఊరుకోబెట్టి, మంచినీళ్లు ఇచ్చాడు. ఆ నీళ్లు తాగాను. కాదు అన్నా, ఎవరూ కొట్టెయ్యలేదు అని అనాల్సిన చోట, తాగిన గ్లాసు కడిగి పెట్టి పైకి వచ్చేశాను.

నాకు డాక్టరేటు వచ్చింది. మా ఇంటికి ఏ సీలూ పడలేదు, ఎవరూ వచ్చి చూడను కూడా లేదు. సత్తెన్న ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు. రాత్రి పాలీకి మారాడు. ఈ వయసులో రాత్రి పని ఎందుకని అమ్మ అడిగితే, "పగటిపూట బొంత ఖాళీగ ఉంటే మంచిగనిపిస్తలేదు" అన్నాడు.

ఇప్పుడు పుట్టింటికి వెళ్లినప్పుడల్లా మధ్యాహ్నం ఆ తలుపు ముందు నుంచి చప్పుడు కాకుండా నడుస్తాను. లేపి చెప్పాలి. ఎన్నిసార్లు అనుకున్నానో. చెబుతానా? ఏమో, మీకు మాట ఇవ్వలేను. నా మాటల సంగతి మీకు తెలిసిందే కదా.

కానీ ఇక్కడిదాకా వచ్చాక గుండెలో కొంచెం గాలి ఆడుతోంది. కాబట్టి అప్పుడు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. గోడాదరాలో, మా ఇంటి కింది గదిలో, తలుపు పక్కన బొంత మీద పగటిపూట పడుకునే మనిషి ఒకడు ఉండేవాడు. పేరు రాజేశం.